డీజిలు ఆదా చేయమని చెప్పే వస్తువులు: కొన్నేళ్లు వాడాక ఉంచినవి, పీకేసినవి

మా మూడు చిన్న బండ్ల డీజిలుకు నెలనెలా పోసే డబ్బుతో మా ఇల్లు హాయిగా గడిచిపోతుంది. తోటల నుంచి అంబాజీపేటకు కొబ్బరికాయలు, రావులపాలెం నుంచి అరటి గెలలు, కడియం నర్సరీల నుంచి మొక్కలు, ఏ కిరాయి దొరికితే అది వేసుకుని రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, తాడేపల్లిగూడెం తిరిగే బండ్లు మావి. ఇంత ఖర్చయ్యే చోట లీటరుకు అర కిలోమీటరు కలిసొచ్చినా లెక్కలోకి వస్తుంది. అందుకే ఇంధనం ఆదా చేయమని డ్రైవరుకు గుర్తుచేసే సరంజామా ఏది కనిపించినా వదలలేదు. స్టిక్కర్లు, గేరు మార్చమని చెప్పే బాణం దీపం, కీచుమనే పెట్టె, మైలేజీ అంకె చూపే తెర, చివరికి షెడ్డు గోడకు ఒక నల్లబల్ల. అన్నీ కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఏ కంపెనీ బండి మంచిదో చెప్పడానికి కాదు ఈ సమీక్ష. గుర్తుచేసే వస్తువు నిజంగా పనిచేస్తుందా, చేస్తే ఎక్కడ చేస్తుంది అన్నంతవరకే.

నా తీర్పు ముందే చెబుతాను. డ్రైవరు కాలు కదలకముందు కనబడే గుర్తుకు విలువ ఉంది. కాలు కదిలాక మొత్తుకునేదానికి లేదు. దీనికి ఒకటి రెండు మినహాయింపులున్నాయి, అవి దారిలో వస్తాయి.

ముందు మా రోడ్ల సంగతి తెలియాలి. గోదావరి డెల్టాలో ఘాటు రోడ్లు లేవు. ఎక్కుడూ దిగుడూ అంటే వంతెనలే. 16వ నంబరు జాతీయ రహదారి మీద జొన్నాడ దగ్గర గౌతమి, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ. 216 మీద చించినాడ వంతెన, యానాం ఎదుర్లంక వంతెన. మిగిలినదంతా చదును నేలే. ఇలాంటి నేల మీద మైలేజీ దండిగా రావాలి. రాదు. కాలువ గట్టు వెంట పోయే రోడ్డుకు ప్రతి ఊరి మొదట్లోనూ చివరా స్పీడు బ్రేకర్లు, లాకుల దగ్గర మెలికలు, కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, మిగిలిన సగంలో ఎదురుగా గడ్డి ట్రాక్టరు. బ్రేకు, మళ్లీ యాక్సిలరేటరు, మళ్లీ బ్రేకు. బండికి వేగం తేవడానికి కాల్చిన డీజిలు, బ్రేకు తొక్కిన ప్రతిసారీ వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. దూకుడుగా తొక్కి గట్టిగా ఆపే డ్రైవింగు వల్ల హైవే మీద 15 నుంచి 30 శాతం, ఆగుతూ సాగే రోడ్లలో 10 నుంచి 40 శాతం మైలేజీ పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. అమలాపురం చుట్టుపక్కల రోడ్లన్నీ ఈ రెండో రకానివే. ఇక్కడ డీజిలు మిగిలేది ఇంజినులో కాదు, యాభై గజాల ముందు ఏముందో చూసే కంటిలో.

స్టిక్కరుతో మొదలుపెడతాను, అన్నిటికంటే చవక కనుక. పెట్రోలియం మంత్రిత్వ శాఖ కింద 1978లో ఏర్పడిన పీసీఆర్ఏ (పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్) దశాబ్దాలుగా ప్రచారం చేస్తున్న సలహాలే వాటి మీద ఉంటాయి. గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల మధ్య నడపండి, టైర్లలో గాలి చూసుకోండి, ఆగినప్పుడు ఇంజిను ఆపండి. సలహాల్లో తప్పు లేదు. 80 మీద కంటే 45-55 మధ్య నడిపితే 40 శాతం దాకా అదనపు మైలేజీ వస్తుందని ఆ సంస్థ తన పరీక్షల ఆధారంగా చెబుతోంది. కానీ అద్దం మీద అతికించిన స్టిక్కరు ఎంతకాలం కనబడుతుంది? మా బండి ముందు భాగంలో అప్పటికే అంతర్వేది నరసింహస్వామి ఉన్నాడు, అప్పనపల్లి బాలాజీ ఉన్నాడు, అయినవిల్లి వినాయకుడు ఉన్నాడు, వాళ్ల మధ్య వేలాడే నిమ్మకాయ, మిరపకాయలు ఉన్నాయి. అంతమంది దేవుళ్లకు దండం పెట్టుకున్నాక పీసీఆర్ఏ వైపు చూసే తీరిక డ్రైవరుకు ఉండదు. వారం తిరిగేసరికి ఆ అక్షరాలు అద్దంలో భాగమైపోయాయి.

అవే మాటలను ముక్కలు చేసి చేయి పెట్టే చోట అతికించాక కథ మారింది. "గాలి చూశారా?" అన్నది డీజిలు ట్యాంకు మూత పక్కన. బంకులో మూత తీయగానే అది కనబడుతుంది, గాలి కొట్టే కుర్రాడు పది అడుగుల దూరంలోనే ఉంటాడు. "ఆపేశారా?" అన్నది తాళం పెట్టే చోట. ఈ రెండూ ఇప్పటికీ పనిచేస్తున్నాయి. ఎండకు వెలిసిపోతే కొత్తవి అతికిస్తున్నాం. రంగు మార్చి అతికిస్తే మరీ మంచిది, కన్ను మళ్లీ అక్కడ ఆగుతుంది.

గాలి గురించి ఇంకొక్క మాట. మా డ్రైవర్లకు మడమతో టైరును తన్ని "బాగానే ఉందండీ" అనే అలవాటు ఉండేది. గాలి సగానికి తగ్గితే తప్ప తన్నులో తేడా తెలియదు. నాలుగు టైర్లలోనూ ఒక్కో పీఎస్ఐ (మీటరు మీద గాలి ఒత్తిడి చూపే పాయింటు) తగ్గితే మైలేజీ 0.2 శాతం మాత్రమే తగ్గుతుంది, వినడానికి చిన్నదే. కానీ మా బండ్ల వెనక టైర్లలో అది ఒక్క పాయింటు తగ్గి ఊరుకోదు. పైగా కొబ్బరికాయల లోడు మీద గాలి తగ్గిన టైరు అంచులు ముందే అరిగిపోతాయి, ఆ నష్టం డీజిలు నష్టం కంటే పెద్దది. బంకుల్లో మీటర్లు ఒక్కోటి ఒక్కోలా చూపిస్తాయి. సొంత మీటరు ఒకటి కొని డోరు అరలో పెట్టాం. పొద్దున్నే, బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. నలభై కిలోమీటర్లు తిరిగాక చూస్తే వేడికి అంకె ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. లోడుకు ఎంత, ఖాళీకి ఎంత అన్నది డోరు దగ్గర పలక మీద కంపెనీవాళ్లే రాసి ఉంచుతారు.

ఇక బాణం. గేరు పెంచమని, తగ్గించమని డ్యాష్‌బోర్డులో వెలిగే చిన్న పచ్చ బాణం. ఐరోపాలో మాన్యువల్ గేర్ల కొత్త కార్లన్నిటికీ 2014 నుంచి ఇది తప్పనిసరి. మన దగ్గర కూడా ఇప్పుడు చాలా బండ్లలో కనబడుతోంది. ఇది కుర్ర డ్రైవర్లకు మంచి గురువు. స్పీడు బ్రేకరు దాటి రెండో గేరులో గోల పెడుతూ పరుగెత్తే అలవాటు మా చిన్న డ్రైవరుకు ఉండేది. బాణం వెలగగానే మూడు, మళ్లీ వెలగగానే నాలుగు, ఇలా కొన్ని నెలలు నడిపాక అతడి చెవికే ఇంజిను చప్పుడు అర్థమైపోయింది. ఇప్పుడు బాణం వెలిగేలోపే గేరు మారుతోంది. ఒక గుర్తుకు ఇంతకంటే మంచి ఫలితం ఉండదు, దాని అవసరమే తీరిపోయింది.

కానీ దాన్ని గుడ్డిగా నమ్మకూడదు. నిండా అరటి గెలలతో చించినాడ వంతెన ఎక్కుతున్నప్పుడు మా బండిలో బాణం "పెంచు" అంటుంది. పెంచితే ఇంజిను మూలుగుతుంది, స్టీరింగు చేతిలో వణుకుతుంది, యాక్సిలరేటరు అడుగంటా తొక్కినా బండి ముందుకు రాదు. అలాంటప్పుడు పై గేరులో పోవడం ఆదా కాదు, ఇంజినుకు శిక్ష. వెనక ఎంత బరువుందో ఆ దీపానికి తెలియదు, డ్రైవరుకు తెలుసు. మా పెద్ద డ్రైవరు మొదటి రోజే దాని మీద నల్ల టేపు అంటించాడు. నేను తీయమనలేదు. ఆయన చెవి దీపం కంటే ముందే నేర్చుకుంది.

కీచుమనే పెట్టె గురించి ఎక్కువ రాయను. జీపీఎస్‌తో పాటు వచ్చింది. వేగం దాటితే, గట్టిగా బ్రేకు వేస్తే, ఇంజిను ఆన్‌లో ఉంచి నిలబడితే కీచుమంటుంది. నెలాఖరుకు నా ఫోనుకు రంగురంగుల నివేదిక పంపుతుంది. అసలు చిక్కు గట్టి బ్రేకు దగ్గర. గేదె అడ్డం వస్తే బ్రేకు వేయక ఏం చేస్తారు? వేశాక అది అరుస్తుంది. ప్రాణం కాపాడిన బ్రేకుకు కూడా తప్పు మార్కు పడుతుంటే ఆ పెట్టె మీద ఎవరికి గౌరవం ఉంటుంది? కొన్నాళ్లకు ఒక బండిలో తీగ "దానంతట అదే" ఊడిపోయింది. అమ్మినవాళ్లు మళ్లీ బిగించడానికి డబ్బులడిగారు. వద్దన్నాను. వేగానికి మాత్రం కీచు కొంత మేలే. 2019 జులై నుంచి వచ్చిన కొత్త కార్లన్నిటిలో 80 దాటితే అప్పుడప్పుడు, 120 దాటితే ఆగకుండా మోగే గంట ఉంటోంది. మా ఇంటి కారులో అదే ఉంది. హైవే మీద మా ఆవిడ పక్కన కూర్చుని ఉంటే ఆ గంట రెండుసార్లు మోగడం నేను ఎప్పుడూ వినలేదు.

అయితే ఆ పెట్టె ఒక్క మంచి పని చేసి పోయింది. లోడింగ్ దగ్గర ఇంజిన్లు చాలాసేపు ఆన్‌లో ఉంటున్నాయని నివేదికలో తేలింది. తాళం దగ్గర స్టిక్కరు ఉన్నా ఎందుకు ఆపడం లేదని చిన్న డ్రైవరును అడిగితే వచ్చిన జవాబు ఇది: "ఆపితే మళ్లీ సెల్ఫ్ అందుకోవడం లేదండీ. తోట మధ్యలో తోసేవాళ్లు ఎక్కడ దొరుకుతారు?" బ్యాటరీ ముసలిదైపోయింది. కొత్త బ్యాటరీ వేసిన మర్నాటి నుంచే ఇంజిను ఆపడం మొదలైంది, ఏ హెచ్చరికా అక్కర్లేకుండా. డ్రైవరు మాట వినడం లేదని విసుక్కునే యజమానులు ముందు ఇలాంటివి చూసుకోవాలి. రెండో కారణం పాటలు, ఫోను చార్జింగు. దానికి తాళం సగం తిప్పి ఉంచితే చాలు, మరీ గంటల తరబడి కాకుండా.

"ఆపి మళ్లీ స్టార్టు చేస్తే ఎక్కువ డీజిలు తాగుతుంది" అన్న మాట మా దగ్గర గట్టిగా పాతుకుపోయింది. పాత ఇంజిన్ల కాలం నాటి మాట అది. ఇప్పటి బండ్లలో పది సెకన్లకు మించి నిలబడితే, మళ్లీ స్టార్టు చేయడానికి అయ్యేదానికంటే ఊరికే తిరగడానికే ఎక్కువ ఖర్చవుతుంది. నిలబడిన కారు ఇంజిను, పరిమాణాన్ని బట్టి, ఏసీని బట్టి, గంటకు ఒకటి నుంచి రెండు లీటర్లు మింగుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. మా బండ్లకు ఏసీ లేదు కాబట్టి అంత ఉండదు, అయినా ఒక్క కిలోమీటరు కూడా కదలకుండా పోయే డీజిలే కదా. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిలు బండ్లకు ఇంకో తంటా ఉంది. మసిని పట్టే ఫిల్టరు తనను తాను శుభ్రం చేసుకోవాలంటే బాగా వేడి కావాలి. నిలబడి తిరిగే ఇంజిను ఆ వేడి ఇవ్వదు. మసి పేరుకుని డ్యాష్‌బోర్డులో దీపం వెలుగుతుంది, మెకానిక్ దగ్గరికి పరుగు తప్పదు. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. హైవే మీద లోడుతో గట్టిగా లాగివచ్చిన టర్బో బండిని వెంటనే ఆపకుండా, ఒక నిమిషం తిరగనిచ్చి ఆపడం మంచిది. మా వాళ్లు ఆ నిమిషాన్ని టీ తాగేంతసేపటికి సాగదీస్తారు, అది వేరే సంగతి.

నిలబడడం అంటే సఖినేటిపల్లి రేవు గుర్తొస్తుంది. వశిష్ఠ దాటి నరసాపురం వెళ్లాలంటే పంటు కోసం, అంటే బండ్లను ఏరు దాటించే పడవ కోసం ఆగాలి. లేదంటే చించినాడ మీదుగా చుట్టు తిరగాలి. ఖాళీ బండికి, చిన్న సరుక్కు పంటు మేలు. రేవు దగ్గర వరుసలో మొదటి బండి ఇంజిను ఆపితే వెనకవాళ్లు ఒక్కొక్కరే ఆపేస్తారు. మొదటివాడు ఆపకపోతే పంటు ఇప్పుడే వస్తుందేమోనని అందరూ గుడగుడలాడిస్తూనే ఉంటారు. పాలకొల్లు, భీమవరం వైపు రైలు గేట్ల దగ్గరా ఇదే చూశాను. (కోనసీమ లోపల ఇంకా రైలు రాలేదు కనుక గేటు బాధ లేదు. కోటిపల్లి నరసాపురం లైను ఏళ్లుగా కడుతూనే ఉన్నారు.) గేటు దగ్గర "ఇంజిను ఆపండి" అని ఎంత పెద్ద బోర్డు పెట్టినా ముందున్న లారీ డ్రైవరు చేసినంత పని చేయదు. కాలు కదలకముందు కనబడాలన్న నా సూత్రానికి ఇది మొదటి మినహాయింపు. ఇక్కడ గుర్తుచేసేది వస్తువు కాదు, పక్కవాడు. మా డ్రైవర్లకు ఒక్కటే చెప్పాను, వరుసలో ముందుంటే మనమే ఆపాలి.

అన్నిటిలోకీ నాకు బాగా నచ్చింది మైలేజీ అంకె చూపే తెర. ఇందులో రెండు రకాలుంటాయి. క్షణక్షణం మారే అంకె ఒకటి, ట్యాంకు నింపినప్పటి నుంచి సగటు చూపే అంకె ఇంకొకటి. క్షణం అంకెను రోజూ నడిపేటప్పుడు పెట్టుకోకండి. అది నాలుగుకీ నలభైకీ మధ్య గెంతుతూ ఉంటే డ్రైవరు రోడ్డు వదిలి దాన్నే చూస్తాడు. సగటు అంకె మెల్లగా కదులుతుంది. పొద్దున ఉన్నదానికంటే సాయంత్రానికి పాయింటు రెండు పెరిగితే కడుపు నిండుతుంది.

కానీ క్షణం అంకె ఒక్కసారి మాత్రం మాకు పెద్ద మేలు చేసింది. మా పెద్ద డ్రైవరుకు వంతెన దిగేటప్పుడు న్యూట్రల్ చేసి జారవిడిచే అలవాటు. నేను ఆయన్ను బాబాయ్ అని పిలుస్తాను. నాకు స్టీరింగు పట్టడం నేర్పినదే ఆయన. అలాంటి మనిషికి నేను చెబితే ఏం వింటారు? ఒకసారి పక్కన కూర్చుని, సిద్ధాంతం వంతెన దిగుతుండగా తెర మీద క్షణం అంకె పెట్టాను. "బాబాయ్, ఈ ఒక్కసారి గేరులోనే ఉంచి కాలు తీసెయ్యి" అన్నాను. అంకె 99.9కి ఎగిరి అక్కడే నిలబడిపోయింది. "ఇదేమిటి బాబూ, పాడైపోయిందా?" అన్నారు. పాడవలేదు. ఇప్పటి ఇంజిన్లలో గేరులో ఉండగా యాక్సిలరేటరు పూర్తిగా వదిలేస్తే, దిగుతున్న చక్రాలే ఇంజినును తిప్పుతాయి, కంప్యూటరు డీజిలును పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజిను ఆగిపోకుండా ఉండటానికి కొంచెం కొంచెం పోస్తూనే ఉండాలి. తిరుగు ప్రయాణంలో ఆయనే న్యూట్రల్ చేసి చూసుకున్నారు. అంకె 99.9 నుంచి జారి, వేగం తగ్గేకొద్దీ ఇంకా పడిపోయింది. ఆ రోజుతో న్యూట్రల్ పోయింది. పైగా గేరులో ఉన్న బండి చేతిలో ఉంటుంది, బ్రేకుల మీద భారం తగ్గుతుంది. ఇది దిగుడుకూ, ముందు ఆగాల్సిన చోటుకూ వర్తించే మాట. చదును రోడ్డు మీద గేరులో కాలు తీస్తే ఇంజినే పట్టి ఆపుతుంది, ఎక్కువ దూరం జారదు. స్పీడు బ్రేకరు కనబడగానే కాలు తీసేస్తే అదే బ్రేకు.

తెర చూపే సగటును మరీ నమ్మకండి. ట్యాంకు లెక్కతో పోలిస్తే మా బండ్లలో అది కాస్త ఎక్కువే చెబుతుంది. అసలు లెక్క పాత పద్ధతే. ఒకే బంకులో, నాజిల్ మొదటిసారి టక్కుమని ఆగేదాకా పోయించడం, తిరిగిన కిలోమీటర్లను పోయించిన లీటర్లతో భాగించడం. కారు ఉన్నవాళ్లకు ఇంకో మాట. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపాక అంకె కొంత తగ్గితే డ్రైవరు కాలును తిట్టకండి. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే తక్కువ. మామూలు పెట్రోలుకు తయారై, 10 శాతం మిశ్రమానికి సరిచేసిన కార్లలో మైలేజీ 6-7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన నివేదికలోనే ఉంది. పాత అంకెతో కొత్త అంకెను పోల్చి ఇంట్లో గొడవ పడేముందు ట్యాంకులో ఉన్నది అదే ఇంధనమా అన్నది చూసుకోవాలి.

ట్యాంకు లెక్క రాయడానికే షెడ్డులో నల్లబల్ల పెట్టాను. మొదట మూడు బండ్ల అంకెలూ పక్కపక్కన రాయించాను. అది తగాదాకు దారితీసింది, న్యాయంగానే. కొబ్బరికాయలు మోసే బండికీ మొక్కలు మోసే బండికీ పోటీ ఏమిటి? హైవే మీద తిరిగేదానికీ ముమ్మిడివరం లోపలి రోడ్లలో తిరిగేదానికీ ఏం సాపత్యం? ఇప్పుడు ప్రతి బండికీ దాని పోయిన నెల అంకె, ఈ నెల అంకె, అంతే. రాసేది డ్రైవరే. మిగిలిన డీజిలు డబ్బులో సగం అతడికి. ఇదే రెండో మినహాయింపు. నెలాఖరుకు వచ్చే అంకె కూడా పనిచేస్తుంది, దాని వెనక జేబులోకి వచ్చేది ఏదైనా ఉంటే. ఆదా చేయమని చెప్పి, ఆదా అయినదంతా యజమాని గల్లాపెట్టెలో వేసుకుంటే ఏ బాణం వెలిగినా ఎవరికి పట్టింది?

డబ్బు ముట్టజెప్పడం మొదలుపెట్టేవాళ్లు ఒక్క నిబంధన గట్టిగా పెట్టుకోవాలి. వంతెన దిగేటప్పుడు ఇంజిను పూర్తిగా ఆపేయడం లాంటి వేషాలు బయలుదేరతాయి. ఇంజిను ఆగితే బ్రేకుకు అందే సాయం ఆగిపోతుంది, స్టీరింగు బిగుసుకుంటుంది. అలా చేస్తున్నట్లు తెలిస్తే ఆ నెల వాటా లేదని బల్ల మీదే రాశాను. అలాగే సరుకును బట్టి మనసు మార్చుకోవాలి. ముదురు కొబ్బరికాయ గంట ఆలస్యమైనా కొబ్బరికాయే. కడియం పూలు, ఐసు మీద ఉన్న చేపలు అలా కాదు. ఆ కిరాయిలను ఆదా లెక్కలోంచి తీసేశాం.

ఏ గుర్తుకూ లొంగనిది ఒక్కటి మిగిలింది. ఖాళీగా తిరిగివచ్చే బండి. లోడుతో ఉన్నప్పుడు ముసలి ఎద్దులా నడిచే బండి ఖాళీ కాగానే పరుగులు పెడుతుంది. రాజమహేంద్రవరంలో దించేసి రావులపాలెం వైపు తిరిగితే ముల్లు 80 దగ్గరే. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు ఆ వేగానికి వర్గంలా పెరుగుతుంది, వెనక పరదా సరిగ్గా కట్టకపోతే ఇంకా పట్టి లాగుతుంది. స్టిక్కరు, బాణం, కీచు, ఏవీ ఇక్కడ పనికిరాలేదు. చివరికి నినాదం మానేసి లెక్క రాశాను. ఎండకు అడ్డంగా దించుకునే రేకు మీద: "40 కిలోమీటర్లు. 80 మీద అరగంట. 60 మీద 40 నిమిషాలు." తేడా ఒక టీ తాగేంతసేపు. చిన్న డ్రైవరు చదివి, "అయితే ఆ టీ మానేస్తాను లెండి" అని నవ్వి, 80 మీదే వచ్చాడు. రాత్రికి ఇంకో కిరాయి దొరుకుతుందన్న ఆశ ఉన్నవాడికి పది నిమిషాలు పది నిమిషాలే. రెండో కిరాయి ఉందో లేదో దించే చోటే ఫోను చేసి చెప్పడం మొదలుపెట్టాక, లేని రోజుల్లో కాస్త నెమ్మదిగా వస్తున్నాడు. ఉన్న రోజుల్లో మామూలే.

పొద్దున్నే ఫోనుకు పంపే ఆదా సందేశాల గురించి ఒక్క వాక్యం చాలు: శుభోదయం పూల బొమ్మల మధ్య అవి ఎక్కడ పడిపోతాయో పంపినవాడికి కూడా తెలియదు.

మొత్తం మీద ఏం మిగిలిందంటే, రెండు బండ్లకు లీటరుకు సుమారు ఒక కిలోమీటరు మెరుగుపడి నిలబడింది. ఇందులో బ్యాటరీకి, గాలి మీటరుకు, బాబాయ్ న్యూట్రల్ మానేయడానికి పెద్ద వాటా ఇస్తాను. పచ్చ బాణానికి చిన్న వాటా. మూడో బండి మొదట బాగా పెరిగి, డ్రైవరు మారాక మళ్లీ పాత చోటికి వచ్చింది. కొత్తతను పోయిన నెలే నల్లబల్ల మీద అంకె రాయడం మొదలుపెట్టాడు. ఒక లీటరు డీజిలు కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి గాలికీ కొంత మేలే, కానీ మా షెడ్డులో ఆ లెక్క ఎవరూ అడగరు.

ఈ మధ్య నాలుగో బండి చూడటానికి వెళ్లాం. అమ్మే కుర్రాడు ఆదా దీపాలు, మాట్లాడే పెట్టె, ఫోనుకు వచ్చే నివేదికలు అన్నీ చూపించాడు. బాబాయ్ ఏమీ మాట్లాడకుండా డ్రైవరు సీటులో కూర్చుని, సీటు తనకు సరిపోయేలా జరుపుకుని, స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని, సగటు మైలేజీ అంకె ఎక్కడ వస్తుందో చూపించమన్నారు. ఆ మోడలులో అది సరిగ్గా స్టీరింగు కమ్మీ వెనక పడింది, మెడ వంచితే తప్ప కనబడలేదు. పక్క షోరూములో ఇంకోటి చూడాలి.